పిల్లోళ్ల వీపున మన గొప్పలు మోయించొద్దు

సంకురాత్రి దగ్గరపడే కొద్దీ మన ఇంటి గుంపులో ఫోను మోగేది ఎక్కువైంది. కనుమ మరుసటి దినం అందరం కలిసి గుట్ట ఎక్కే ఆనవాయితీని ఈసారి ఘనంగా చేయాలని బెంగుళూరు పిల్లలు అనుకున్నారంట. సంతోషమే. అయితే మొన్న మా చిన్నాయన మనవడు ఒక పట్టీ పెట్టినాడు. పైన పేరు, ‘యాటగాళ్ల వంశానికి యాటగాళ్ల సామాను’. 5 నుంచి 9 ఏండ్ల లోపు పిల్లలు 7 మంది వస్తా ఉండారు కదా, వాళ్లలో ఒక్కొక్కరికి 20 లీటర్ల వీపుసంచి, మిలిటరీ మచ్చల చొక్కా, ప్యాంటు, చీలమండ దాటే బూట్లు, మడతకత్తి, నెత్తికి కట్టే లైటు, నిద్రసంచి. ఆఖరున, పెద్ద పిల్లలకు ఒక ఎయిర్‌గన్, పక్కన ‘సరదాకే’ అని. తలా 9,000 రూపాయలు.

అందరూ బొటనవేలు పైకెత్తినారు. నేను ఎత్తలేదు. గుంపులో రెండు ముక్కల్లో చెబితే, పెద్దమ్మకు కోపమొచ్చిందని నవ్వి ఊరుకుంటారు. అందుకని ఇక్కడ నిదానంగా రాస్తా ఉండాను.

నా మాట ఒకటే. చిన్న పిల్లోణ్ణి కొండకో అడివికో పిల్చుకొనిపోయేటప్పుడు సామాను ఎంచాల్సింది వాడు సుఖంగా పోయి, సుఖంగా ఇల్లు చేరి, మళ్లీ ఏడు ‘నేనూ వస్తా’ అనేదానికి. ఫోటో కోసం కాదు, వంశం పేరు కోసం అసలే కాదు.

అబ్బ జతకు పోయిన పిల్లోడి దగ్గర ఏముండె?

మన అబ్బ యాటగాడే, నేను కాదనను. వల, ఈటె, రెండు కుక్కలు. కెలమంగలం చుట్టుపక్కల గుట్టలన్నీ ఆయన కాళ్ల కింద నలిగినవే. మా నాయనను 7 ఏండ్లప్పుడు మొదటిసారి జతకు పిల్చుకొనిపోయినాడు. ఆ కత మా నాయన నోట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఆ పిల్లోడి దగ్గర ఏముండె? నడుముకు కట్టిన సద్దిమూటలో రాగిరొట్టె, చిన్న సొరబుర్రలో నీళ్లు. అంతే. కత్తి అబ్బ మొలలో. వల పెదనాయన నెత్తిన. కంబళి అబ్బ ఎడమ భుజం మీద. కుడి భుజం మాత్రం ఎప్పుడూ ఖాళీగా పెట్టుకునేవాడంట, పిల్లోడు అలిసిపోతే ఎత్తుకునేదానికి.

ఆ ఖాళీ భుజమే అబ్బ సామానులో అన్నిటికన్నా ముఖ్యమైనది. మీ పట్టీలో లేనిది అదే.

ఇంక యాట సంగతి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1991 సవరణతో కుందేలు, అడివిపంది లాంటివాటికి మిగిలుండిన సందు కూడా మూసేసినారు. అబ్బ వల అటక ఎక్కింది, ఎలుకలు కొరికినాయి, అయిపోయింది. దానికి నేను ఏడవను. తిరుమలలో కనుమనాడు పారువేట జరుగుతుంది, స్వామి ఊరేగింపుగా వేటకు పోయి వస్తాడు, ఒక్క జీవం పోదు. దేవుడికి చాలిన వేట మనకు చాలదా?

ఎయిర్‌గన్‌తో గువ్వను కొట్టినా చట్టం లెక్కలో అది యాటే. 8 ఏండ్ల పిల్లోడి చేతికిచ్చి ‘సరదాకే’ అంటే ఏమవుతుంది? కేసు పెద్దోళ్ల మీద పడుతుంది, గుండు పక్క పిల్లోడి కంట్లో పడుతుంది. ఆ వస్తువు మన గుట్ట కింద దాకా కూడా రాకూడదు.

పట్టీ ఎక్కడినుంచి వచ్చిందంటే

విచారిస్తే తెలిసింది, ఆ పట్టీ కొలరాడోలో ఉండే మన అల్లుడిది. అక్కడ వీపుసంచి యాట అని ఒకటుంది. గుడారం, తిండి, తుపాకి అన్నీ వీపున వేసుకొని దినాల తరబడి కొండల్లో నడిచేది. జంతువు దొరికితే మాంసాన్నీ వీపునే మోసుకొచ్చేది. లైసెన్సు తీసుకుంటే అక్కడ అది న్యాయమైన పనే, తప్పుపట్టను. తన 5 ఏండ్ల పాపను వెంట తీసుకుపోవాలని ఆయన సామాను ఎంచుకుంటా ఉంటే, మనోడు దాన్ని ఎత్తి మనకు అతికించినాడు.

అయితే అల్లుడుగారూ, మీరు కూడా వినండి. ఆ పట్టీ మీ పాపకూ సరిపోదు.

మీ రాష్ట్రంలో పెద్ద జంతువుల యాటకు 12 ఏండ్లు నిండాల. అంటే పాప వచ్చేది చూసేదానికే. చూడను వచ్చే పాపకు మచ్చల చొక్కా ఎందుకు? రైఫిలు పట్టిన యాటగాడే అక్కడ నడుము పైన 500 చదరపు అంగుళాల మెరిసే కిచ్చిలిరంగో గులాబిరంగో వేసుకోవాల, నెత్తిన టోపీ కూడా అదే రంగుది ఉండాలని చట్టం. ఇంకో తుపాకి వాడికి మనిషి మనిషిలా కనబడాలనే కదా ఇదంతా? పెద్దోళ్లు కనబడేదానికి గుడ్డ కట్టుకొని, పిల్లను కనబడకుండా దాస్తారా?

ఇంకోటి. రైఫిలు పేలితే చప్పుడు 150 డెసిబెళ్లు దాటుతుంది. 140 దాటితే ఒక్క పేలుడుకే చెవి శాశ్వతంగా చెడొచ్చు. పాప తలకు సరిగ్గా అతికే చెవిమూత ఆ పట్టీలో వెతికితిని. లేదు. మడతకత్తి మాత్రం ఉంది.

ఆఖరిది, వీపు లెక్క. ఎల్క్ దుప్పి వెనక తొడ ఒక్కటే ఎముకతో కలిపి 25 కిలోలు దాటుతుందంటారు. దాన్ని మోస్తా ఉండేటప్పుడు పాప ‘నాయనా, ఎత్తుకో’ అంటే ఏ వీపున ఎక్కిస్తారు? మనిషికి వీపు ఒకటే. మోసేదానికి ఇంకొక పెద్దమనిషి జతకు లేకుంటే, ఆ ఏడు పాపను ఇంట్లో వదిలిపెట్టేదే మేలు. ఎంత మంచి సంచి కొన్నా ఈ లెక్క మారదు.

రాయకోట గుట్ట మీద జరిగింది

ఇదంతా పెద్దమ్మ చాదస్తం అనుకునేవాళ్లకు పోయినేడు సంగతి గుర్తు చేస్తాను. అందరూ చూసినారు, ఎవరూ మాట్లాడరు.

రాయకోట గుట్ట ఎక్కేదానికి తెల్లారకముందే బయల్దేరితిమి. మంచు, దానికి తోడు సన్నగా తుంపర. మా తమ్ముడి కొడుకు తన రెండేండ్ల పిల్లోణ్ణి కొత్తగా కొన్న మోతకుర్చీలో కూర్చోబెట్టి వీపుకు తగిలించుకున్నాడు. మంచి రకమే, కమ్మీలు, పట్టీలు, పైన గొడుగు. మెట్లు ఎక్కి ఎక్కి తండ్రికి చెమటలు కారుతా ఉండాయి. స్వెట్టరు విప్పి నడుముకు కట్టుకున్నాడు. పిల్లోడి ఒంటిమీద నూలుచొక్కా, నూలు లాగు, కాళ్లు కిందికి వేలాడుతా ఉండాయి. ఎంత బుద్ధిగా కూర్చున్నాడో చూడండి అని అందరూ మెచ్చుకుంటిమి. నేనూ మెచ్చుకుంటిని.

పైన కోటగోడ దగ్గర గాలి కొట్టింది. పాదం ముట్టుకుంటే బండలా చల్లగా ఉంది. పెదాలు నీలం తిరిగినాయి. పిలిస్తే కండ్లు తెరిచి మళ్లీ మూసినాడు. వాడు బుద్ధిగా కూర్చోలేదు, చలికి మొద్దుబారి ఉండాడు.

తడిగుడ్డలు విప్పేసి, తల్లి రొమ్ముకు ఒంటిని ఆనించి, పైన నా పాత కంబళి చుట్టితిమి. కిందికి వచ్చే దావలో ఏడుపు ఎత్తుకున్నాడు. ఆ ఏడుపు విన్నాక మా కోడలు మెట్టు మీద కూలబడి తానూ ఏడ్చింది. పిల్లోడు బాగా తేరుకున్నాక గోరువెచ్చని పాలు తాగించి, నేరుగా డాక్టరు దగ్గరికి పోతిమి. ఏమీ కాలేదు. కాలేదు కాబట్టే మరిచిపోయినారు.

తప్పు కుర్చీది కాదు. నడిచే తండ్రి ఒళ్లు పొయ్యిలా కాగుతా ఉంటే, కదలకుండా కూర్చున్న పిల్లోడి ఒళ్లు చల్లబడతా ఉంటుందని ఎవరికీ తట్టలేదు. చిన్న ఒంటికి బరువు తక్కువ, దాంతో పోలిస్తే చర్మం ఎక్కువ. చలిలో బిరీన చల్లబడుతుంది, ఎండలో బిరీన కాగుతుంది. తండ్రి తన ఒంటిని బట్టి పిల్లోడికి గుడ్డ తొడిగినాడు. కుర్చీకి పెట్టిన డబ్బులో పదో వంతు పెట్టుంటే ఉన్ని టోపీ, ఉన్ని మేజోళ్లు, తుంపర తగలని కప్పు వచ్చుండేవి.

మరి ఏం కొనాల?

మొదట చెప్పులు, బూట్ల సంగతి. మళ్లీ ఏడుకూ పనికొస్తాయని ఒక సైజు పెద్దవి కొనేది మన ఇండ్లలో వాడుక. బడికి సరిపోతుందేమో, గుట్టకు సరిపోదు. దిగేటప్పుడు కాలు ముందుకు జారి వేళ్లు నలుగుతాయి, మడమ ఒరుసుకొని బొబ్బలెక్కుతుంది. సాయంత్రం పూట, పాదం కొంచెం ఉబ్బి ఉండేటప్పుడు, వేసుకోబోయే మేజోళ్లతోనే తొడిగి చూడాల. వేళ్ల ముందు బొటనవేలంత జాగా ఉంటే చాలు. పదైదు దినాలు ఇంట్లో, వీధిలో తొడిగినాకనే గుట్ట. చీలమండ దాటే గట్టిబూట్లు చిన్నకాలికి బరువే, జారని అడుగు ఉండే మెత్తటి బూట్లు చాలు.

రెండోది బరువు. బడిసంచి పిల్లోడి ఒంటి బరువులో పదో వంతు దాటకూడదని 2020లో కేంద్రమే విధానం పెట్టింది. అది చదునైన దావలో బడికి పోయేదానికి. గుట్టకు నేను దాంట్లో సగమే ఒప్పుకుంటాను. 18 కిలోల పిల్లకు 900 గ్రాములు, అంటే అరలీటరు నీళ్లు, గుప్పెడు వేరుశెనక్కాయలు, బెల్లం. అబ్బ ఇచ్చిన సొరబుర్ర, సద్దిమూట లెక్క ఇదే కదా? మీ 20 లీటర్ల సంచి ఖాళీగానే దీంట్లో సగానికి పైన తినేస్తుంది. తన నీళ్లు తను మోస్తే పిల్లకు గర్వం. అది చాలు, మిగతాదంతా పెద్దోళ్ల వీపున.

మూడోది గుడ్డలు. ఎండలో నూలుకు మించింది లేదు. తడిస్తే మాత్రం అదే నూలు ఒంటి వేడిని లాగేస్తుంది. ఒక జత పొడిగుడ్డలు, ఒక ఉన్ని చొక్కా తడవని కవరులో చుట్టి పెద్దోళ్ల సంచిలో పెట్టాల. మన కురుబల కంబళి తడిసినా కొంచెం వెచ్చదనం నిలుపుకుంటుంది. రంగు కిచ్చిలి, ఎరుపు, పసుపు, ఏదైనా సరే, దూరానికి కనబడాల.

నాలుగోది ఈల. పది, ఇరవై రూపాయల ప్లాస్టిక్ ఈల మెడలో దారానికి కాదు, చొక్కాకు పిన్నీసుతో. దారం కొమ్మకు తగులుకుంటే మెడకు ఉరి. తప్పిపోతే పరిగెత్తొద్దు, దగ్గరుండే మాను దగ్గర నిలబడు, మూడుసార్లు ఊదు, ఆగు, మళ్లీ మూడుసార్లు ఊదు. ఈ మాట ఇంట్లోనే ఆటలా నేర్పండి. వాకీటాకీలో బ్యాటరీ అయిపోతుంది, ఈలకు ఊపిరి చాలు.

దావ ఎంచేది కూడా సామానులో భాగమే. రాగి కోతల కాలంలో బన్నేరుగట్ట నుంచి ఏనుగులు మన తళి, జవళగిరి పక్కకు దిగుతాయి. పిల్లల్ని పెట్టుకొని అటుపక్క అడివిలోకి పోయే మాటే వద్దు, అటవీశాఖ అనుమతి లేకుండా అయితే పెద్దోళ్లు కూడా వద్దు. కోటగుట్ట చాలు.

‘మరీ అరచేతిలో పెట్టి పెంచమంటావా పెద్దమ్మా?’

ఈ మాట వస్తుందని తెలుసు. అబ్బ ఉత్తకాళ్లతో నడిచినాడు కదా అంటారు. నడిచినాడు. పుట్టినప్పటినుంచి నడిచి నడిచి ఆయన అరికాలు ఎద్దు గిట్టలా తేలింది. టైల్సు మీద పెరిగిన పాదానికి ఒక్క పొద్దులో ఆ తోలు రాదు. పిల్లలు గట్టిపడాలనేది నాకూ ఇష్టమే. గట్టిపడేది పదిసార్లు పోతే, ఒక్కసారి బాధపడితే కాదు. మొదటిసారే బొబ్బలు, చలి, ఏడుపు చూసిన పిల్లోడు రెండోసారి ఫోను పట్టుకొని ఇంట్లోనే కూర్చుంటాడు.

అట్లా కూర్చుంటే పోయేదేమిటో ఒక్కసారి అనుకోండి. 2006 చట్టం తరువాత మన పిల్లలకు బడిలో తమిళం తప్పనిసరి అయింది, తెలుగు వెనక్కి పోయింది. ఇంట్లో ‘తిన్నావా, పడుకున్నావా’ దాకానే మన భాష. గుట్ట మీదనే కదా బండ వేరు, మిట్ట వేరు, బోడు వేరు అని తెలిసేది? బలుసుపండు, కలేపండు, వెలగకాయ, ఊడుగచెట్టు, ఈ పేర్లు నేను పుస్తకంలో నేర్చుకోలేదు. మా నాయన భుజం మీద కూర్చొని, ఆయన చెయ్యి చూపించిన పక్కకు చూసి నేర్చుకున్నాను. మన వంశం ఆస్తి వల కాదు, ఈటె కాదు. ఆ పేర్లు. వాటిని మోసేదానికి పిల్లోళ్ల వీపు ఖాళీగా ఉండాల, కాళ్లు నొప్పి లేకుండా ఉండాల.

కాబట్టి ఈసారికి నా షరతులు ఇవి. 9,000 పట్టీ చించేయండి. సరైన బూట్లు, ఉన్ని టోపీ, ఈల, దీనికి ఎంతవుతుందో అంత పెట్టండి. ఇద్దరు పిల్లలకు ఒక పెద్దమనిషి చొప్పున, సంచిలో జాగా పెట్టుకొని రండి. ఎయిర్‌గన్ తెచ్చినవాళ్లను నేనే గుట్ట కింద నుంచి వెనక్కి పంపిస్తాను, వాళ్లకు పొంగలి కూడా పెట్టను.

పోయినేడు చలికి మొద్దుబారిన పిల్లోడికి ఇప్పుడు మూడేండ్లు. వాడూ వస్తా ఉండాడు. నా కంబళి ఉతికి ఎండలో వేసినాను. మీరు ఒక భుజం ఖాళీగా పెట్టుకొని రండి.