పారేసే ముందు విప్పి చూడండి

పిల్లలూ! మీ ఇంట్లో అటక మీదికి ఒకసారి తొంగి చూడండి. తిరగని టేబుల్ ఫ్యానో, మూలబడ్డ మిక్సీయో, వెలగని టార్చిలైటో తప్పకుండా కనిపిస్తుంది. "దీని పని అయిపోయింది, కొత్తది కొనుక్కోండి" అని ఎవరో చెప్పి ఉంటారు. మనమూ సరే అని ఊరుకుని ఉంటాం. సైన్సు చదువుకునే వాళ్లు అంత తేలిగ్గా సరే అనకూడదని నా అభిప్రాయం. ఎందుకో ఒక అనుభవం చెబుతాను, వినండి. అందులో నేను చేసిన పొరపాటు కూడా ఉంది.

అల్వాల్‌లో మేముండే ఇళ్ల సముదాయంలో ఒక చిన్న ఈతకొలను ఉంది. వేపాకులు, గాలికి కొట్టుకొచ్చే దుమ్ము రోజూ దాని అడుగున చేరుతుంటాయి. వాటిని తీయడానికి ఒక యంత్రం ఉంది. అది నీళ్ల అడుగున తాబేలులా పాకుతూ చెత్తను పీల్చుకుంటుంది. చిత్రమేమిటంటే దానికి మోటారు లేదు, కరెంటు తీగా లేదు. పొడవాటి పైపుతో కొలను పంపుకు కలిపి ఉంటుంది. పంపు నీటిని లాగితే ఆ లాగుడుతోనే ఇది కదులుతుంది. ఈ కోవలో బాగా పేరు తెచ్చుకున్న 'క్రీపీ క్రాలీ' అనే యంత్రాన్ని 1974లో దక్షిణాఫ్రికాలో ఫెర్డినాండ్ షోవియే అనే ఇంజనీరు రూపొందించారు.

మోటారు లేకుండా ఎలా కదులుతుంది? ధారగా పోతున్న కుళాయిని చటుక్కున కట్టేస్తే ఒక్కోసారి గోడలోని పైపు 'ధబ్' మంటుంది, విన్నారా? పరుగెత్తే నీటికి జడత్వం ఉంది. దాన్ని ఉన్నపళంగా ఆపితే ఆ ఊపు పైపును కుదుపుతుంది. ఈ యంత్రం చేసే పని సరిగ్గా అదే. మా యంత్రం గొంతులో డయాఫ్రం అనే మెత్తని రబ్బరు గొట్టం ఉంది. నీరు దానిగుండా వేగంగా పోయేటప్పుడు లోపల ఒత్తిడి తగ్గుతుంది. బయటి నీటి ఒత్తిడి దాన్ని నొక్కి మూసేస్తుంది. ప్రవాహం ఆగగానే ఒత్తిడిలో తేడా పోయి, స్థితిస్థాపకత వల్ల రబ్బరు మళ్లీ తెరుచుకుంటుంది. ఇలా మూసుకున్న ప్రతిసారీ ఒక కుదుపు, కుదుపుకొక చిన్న అడుగు! పక్కన నిలబడి వింటే 'టక్ టక్ టక్' అని గుండె కొట్టుకున్నట్టు శబ్దం వస్తుంది.

కిందటి వేసవిలో అది కదలడం మానేసింది. బాగుచేయడానికి వచ్చినతను దాన్ని విప్పనైనా విప్పకుండా "మొత్తం మార్చాల్సిందే" అన్నాడు. ఈలోగా కొలను చూసుకునే పనివాడు రోజూ తెల్లవారకముందే వచ్చి, పొడవాటి కర్ర బ్రష్షుతో అడుగంతా తోముతున్నాడు. గంటన్నర పని. అది చూశాక నాకు ఊరుకోబుద్ధి కాలేదు. మా వీధిలోని ముగ్గురు తొమ్మిదో తరగతి పిల్లల్ని వెంటబెట్టుకుని, పెద్దల అనుమతి తీసుకుని పనికి పూనుకున్నాను.

"ఇసుక ఫిల్టరు పూడుకుపోయి ఉంటుంది, అందుకే లాగుడు తగ్గింది" అని చూడకుండానే తేల్చేశాను నేను. పనివాడి చేత ఫిల్టరును కడిగించాం. ఒత్తిడి మీటరు ముల్లు కిందికి దిగింది. యంత్రం మాత్రం కదల్లేదు. అప్పుడు ఒక అమ్మాయి అంది: "మాస్టారూ, పైపులో నీళ్లు జోరుగానే పోతున్నాయి. కానీ టక్ టక్ శబ్దం రావడం లేదు." ముప్పై ఏళ్లుగా పరిశీలన గురించి పాఠం చెబుతున్న నేను ఆ శబ్దం లేదన్న సంగతే పట్టించుకోలేదు! లాగుడు ఉంది, కుదుపు లేదు. అంటే తప్పు గొంతులోనే ఉండాలి.

యంత్రాన్ని విప్పాం. విప్పేటప్పుడు ప్రతి భాగాన్నీ వరసగా పాత వార్తాపత్రిక మీద పేర్చి, పక్కన అంకె వేశాం. డయాఫ్రంను సాగదీసి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే వెంట్రుకంత చీలిక కనిపించింది. చీలికలోంచి నీరు జొరబడితే లోపలికీ బయటికీ ఒత్తిడిలో తేడా నిలవదు. గొట్టం మూసుకోదు. కుదుపు పుట్టదు.

సైకిలు ట్యూబు ముక్క కోసి, పంక్చర్లు వేసే సొల్యూషనుతో అతికించాం. యంత్రం కదిలింది, చప్పట్లు కొట్టాం. రెండో రోజుకే అతుకు ఊడింది! అతుకు వేసిన చోట రబ్బరు మందమై, చుట్టుపక్కల రబ్బరులా వంగలేదు. రోజుకు వేలసార్లు వంగేసరికి అంచులు లేచిపోయాయి. సైకిలు ట్యూబుకు పనికొచ్చిన వైద్యం అన్నిటికీ పనికిరాదని తెలిసింది. ఇక కొత్త డయాఫ్రం కావాలి. "అది విడిగా అమ్మం" అన్నారు ఒకచోట. మూడో దుకాణంవారు తెప్పించి ఇచ్చారు. పది రోజులు పట్టింది. ఖర్చు కొత్త యంత్రం ధరలో పదో వంతు కూడా కాలేదు.

అది బిగించాక శబ్దం వచ్చింది గానీ, యంత్రం మధ్యమధ్య ఆగుతోంది. పైపులో ఎక్కడో గాలి చొరబడుతోందన్నమాట. పంక్చరు షాపులో ట్యూబును నీళ్లతొట్టిలో ముంచుతారు కదా! చిల్లి ఉన్నచోటే బుడగలొస్తాయి. ఎందుకంటే ట్యూబులో ఒత్తిడి బయటికంటే ఎక్కువ. ఇక్కడ లోపల ఒత్తిడి తక్కువ కాబట్టి గాలే లోపలికి పోతుంది. అంచేత చిల్లి దగ్గర బుడగలు కనిపించవు. పంపు దాటి నీరు తిరిగి కొలనులో పడే చోట కనిపిస్తాయి! సూత్రం ఒకటే, దిక్కు మారింది. నీటిమట్టానికి పైనున్న అతుకుల్ని ఒక్కొక్కటే తడిగుడ్డతో చుట్టి చూస్తూ పోయాం. ఒకచోట చుట్టగానే బుడగలు ఆగాయి. అక్కడ అరిగిపోయిన రబ్బరు వాషరు ఉంది. రాణీగంజ్‌లో పంపు సామాన్లు అమ్మే దుకాణాల వరసలో వెతికితే దానికి సరిపోయేది దొరికింది. మర్నాటి నుంచి పనివాడి తెల్లవారుజాము తోముడు తప్పింది.

రబ్బరు ఎందుకు చీలిందో కూడా ఆలోచించాం. ఎండలోని అతినీలలోహిత కిరణాలూ, నీటిలో కలిపే క్లోరినూ కాలక్రమాన రబ్బరును పెళుసు చేస్తాయి. మా యంత్రాన్ని పని అయ్యాక ఎండలోనే పడేస్తున్నారు. ఇప్పుడు మంచినీళ్లతో కడిగి నీడలో పెడుతున్నారు. కారణం తెలుసుకోకుండా భాగం మార్చడం సగం మరమ్మతే.

ఇక నా అభిప్రాయం. ప్రయోగశాలలో మీరు చేసే ప్రయోగాల ఫలితం పుస్తకంలో ముందే అచ్చయి ఉంటుంది. పాడైన యంత్రానికి అలాంటి పుస్తకం లేదు. చూడాలి, ఊహించాలి, ఒక్కసారి ఒక్కదాన్నే మార్చి పరీక్షించాలి. ఊహ తప్పయితే మాస్టారిదైనా సరే వదులుకోవాలి. ఇంతకంటే మంచి సైన్సు పాఠం నాకు తెలియదు. అందుకే నెలకు ఒక్క పూటైనా ప్రతి బడిలో ఒక 'మరమ్మతు బల్ల' ఉండాలంటాను. పిల్లలు విప్పిన రేడియోలో రెండు స్క్రూలు మిగిలిపోయినంత మాత్రాన పెద్దలు కోప్పడకూడదంటాను.

వస్తువులు తయారుచేసేవారికీ బాధ్యత ఉంది. చిన్న రబ్బరు ముక్క అమ్మకపోతే అంత యంత్రమూ చెత్తకుప్పకు పోతుంది. మన దేశంలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో 'మరమ్మతు హక్కు' మీద ఒక కమిటీని వేసింది. అదే ఏడాది డిసెంబరులో ఇందుకోసం ఒక పోర్టల్ కూడా మొదలయింది. ఫ్రాన్సులో 2021లో కొన్ని రకాల వస్తువులకు, వాటిని బాగుచేయడం ఎంత సులువో 10కి మార్కులు వేసి కొనేవారికి చూపాలనే నిబంధన వచ్చింది. మంచిదే. అయితే విడిభాగం అడిగేవాళ్లు ఉంటేనే అమ్మేవాళ్లు ఉంటారు. విప్పి చూసినవాళ్లే కదా ఏ భాగం కావాలో అడగగలిగేది!

అన్నిటినీ బాగుచేయగలమని నేననను. కొన్నిటికి మరమ్మతు దండగ. ఆ సంగతి కూడా విప్పి చూశాకే తెలియాలి. ఒక్క హెచ్చరిక మాత్రం మరవకండి. మోటారూ కరెంటూ ఉన్న ఈతకొలను యంత్రాలూ ఉన్నాయి. వాటి జోలికి, వాటి ట్రాన్స్‌ఫార్మరు జోలికి మీరు పోవద్దు. ఇంట్లో ఏ వస్తువైనా ప్లగ్గు పీకాకే, తెలిసిన పెద్దవాళ్లను పక్కన ఉంచుకునే విప్పండి. మైక్రోవేవ్ ఓవెన్, పాత టీవీ వంటివి ప్లగ్గు పీకినా ప్రమాదమే. ఉబ్బిన సెల్‌ఫోను బ్యాటరీని ముట్టుకోవద్దు.

ఈ ఆదివారం అటక మీది టార్చిలైటును దింపండి. బ్యాటరీలు తీసేసి, ఒక పాత వార్తాపత్రిక పరిచి, భాగాలను వరసగా పేర్చండి. అది మళ్లీ వెలుగుతుందో లేదో చెప్పలేను. ఎందుకు వెలగడం లేదో మాత్రం సాయంత్రానికి మీరే చెప్పగలుగుతారు.