ఊరికి కాలేజీయా, ఊరికే కాలేజీయా?

వరంగల్ స్టేషన్‌లో ఒక సాయంత్రం బండి కోసం కూర్చున్నాను. అదే బెంచీ మీద ఒక అమ్మాయి, ఒళ్ళో సంచి, చేతిలో నోట్సు. హన్మకొండలో డిగ్రీ చదువుతోందట. పొద్దున చీకటితోనే లేచి బండెక్కుతుంది. దిగి సిటీ బస్సో ఆటోనో పట్టుకొని కాలేజీకి చేరుతుంది. తిరిగి ఇల్లు చేరేసరికి మళ్ళీ చీకటే. ‘‘మీ ఊళ్ళోనే గవర్నమెంటు డిగ్రీ కాలేజీ ఉంది గదమ్మా, ఈ తిప్పలెందుకు?’’ అని అడిగాను. ‘‘ఉన్నది సార్, గని అది కాలేజీ లెక్క అనిపియ్యది’’ అన్నది. అని, మళ్ళీ నోట్సులో తల పెట్టింది.

ఆ అమ్మాయిది ఏ ఊరో నేను రాయను. రాస్తే ఒక్క కాలేజీని, అక్కడ చాలీచాలని వసతుల మధ్య చదువు చెప్పే అధ్యాపకులను నిందించినట్టవుతుంది. తప్పు వారిది కాదు. చిన్న పట్నాల కాలేజీలను మనం చూసే చూపులోనే ఏదో దోషముంది. ఈ వార్షిక సంచిక చదివేవారిలో చాలామంది జనగామ నుంచో, మహబూబాబాద్ నుంచో, భూపాలపల్లి నుంచో వచ్చినవాళ్ళే గనుక ఆ సంగతి ఇక్కడే మాట్లాడుకోవడం న్యాయమని నా అభిప్రాయం.

కొంచెం వెనక్కి చూద్దాం. 1918లో ఉస్మానియా యూనివర్సిటీ మొదలైన నాడు పై చదువంటే హైదరాబాదు, చదువు భాష అంటే ఉర్దూ. 1927లో వరంగల్‌లో మొదలైన కాలేజీయే తర్వాత మన సుబేదారి ఆర్ట్స్ అండ్ సైన్స్ కాలేజీ అయింది. 1959లో ప్రాంతీయ ఇంజనీరింగ్ కాలేజీ, అదే ఏడు మెడికల్ కాలేజీ వచ్చాయి. 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఈ కథ అంతటికీ సూత్రం ఒక్కటే: చదువు కోసం మనిషి నడిచే దూరం తగ్గాలి. మన పెద్దలు కొట్లాడింది ఆ దూరం తగ్గించడానికే.

2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు వచ్చాయి. ముసాయిదాలో జనగామ పేరు లేకపోతే అక్కడి జనం రోడ్డెక్కి మరీ సాధించుకున్నారు. 2022లో మహబూబాబాద్‌కు, 2023లో జనగామకు, భూపాలపల్లికి ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. సంతోషమే. ఆస్పత్రి బాగుపడితే ఎవరికి చేదు? కాని మెడికల్ సీటు ‘నీట్’ ర్యాంకుతో వచ్చేది. తండా నుంచి, గూడెం నుంచి, బొగ్గుబాయి కాలనీ నుంచి వచ్చే మామూలు పిల్లలకు అందుబాటులో ఉండేది బి.ఏ., బి.కాం., బి.ఎస్సీ. చదువే. కలెక్టరాఫీసు వచ్చింది, ఎస్పీ ఆఫీసు వచ్చింది, మెడికల్ కాలేజీ వచ్చింది. ఆ మామూలు పిల్లవాడి డిగ్రీ కాలేజీ సంగతి మాత్రం ఎవరి ఎజెండాలోనూ కనిపించదు.

ఆ ఊళ్ళకు చెప్పుకోవడానికి ఏమీ లేదా అంటే, లేకేం! జనగామ చుట్టుపట్ల పాలకుర్తి ఉంది, సోమనాథుడి ఊరు. బమ్మెర ఉంది, పోతన ఊరు. కడవెండిలో 1946 జులై 4న దొడ్డి కొమురయ్య తూటాకు ఒరిగిపోతే అక్కణ్ణుంచే సాయుధ పోరాటానికి నిప్పంటుకుంది. పెంబర్తిలో ఇత్తడి రేకును కొట్టి బొమ్మ తీసే చేతులున్నాయి.

మానుకోట వైపు పోతే ఇనుగుర్తి అనే పల్లె వస్తుంది. 1922లో ఒద్దిరాజు సోదరులు ఆ పల్లె నుంచే ‘తెనుగు’ అనే వారపత్రిక నడిపారు. కాలేజీ లేదు, కరెంటు లేదు, పైన నిజాం ప్రభుత్వం. అయినా పత్రిక నడిచింది. దాశరథి పుట్టిన చినగూడూరు ఆ జిల్లాలోదే. బయ్యారం ఇనుప ఖనిజం సంగతి అందరికీ తెలిసిందే. 2014 విభజన చట్టంలో ఉక్కు ఫ్యాక్టరీని పరిశీలిస్తామని రాసుకున్నారు, ఫ్యాక్టరీ మాత్రం రాలేదు. ఇక భూపాలపల్లికి రైలు కూడా లేదు. కాని నేల కింద సింగరేణి బొగ్గుంది. చెల్పూరులో 1100 మెగావాట్ల కరెంటు పుట్టించే కేంద్రముంది. గణపురంలో కాకతీయుల కోటగుళ్ళున్నాయి. కాళేశ్వరంలో ప్రాణహిత వచ్చి గోదావరిలో కలుస్తుంది.

ఇక్కడొక చిత్రం చూడండి. మన ఊళ్ళ పేర్లకు, మన ఊళ్ళ మనుషులకు గౌరవం లేదని ఎవరూ అనలేరు. 2024లో కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి చాకలి ఐలమ్మ పేరు పెడుతున్నట్టు ప్రకటించారు. అందరూ హర్షించారు, నేనూ హర్షించాను. అయితే ఐలమ్మ పాలకుర్తిలో తన చేను తాను కోసుకోవడానికి దొర మీద కొట్లాడిన మనిషి. ఆమె మనుమరాలి వయసున్న పాలకుర్తి పిల్ల ఆ పేరున్న చదువు కోసం హైదరాబాదు బస్సెక్కాలి. మన యూనివర్సిటీకి వైస్ ఛాన్సలర్‌గా పనిచేసిన జయశంకర్ సారు పేరును భూపాలపల్లి జిల్లాకు పెట్టుకున్నాం. ఆయన పేరున్న వ్యవసాయ విశ్వవిద్యాలయం రాజేంద్రనగర్‌లో ఉంది. పేర్లు ఇటూ అటూ ప్రయాణం చేస్తున్నాయి గాని చదువు మాత్రం నగరంలోనే స్థిరపడ్డది.

కాలేజీ ‘కాలేజీ లెక్క’ ఎందుకు అనిపించదు? నాకు తోచిన కారణాలు మూడు. పర్మనెంటు అధ్యాపకుల ఖాళీలను గెస్ట్ లెక్చరర్లతో నెట్టుకురావడం మొదటిది. ఏటేటా కొత్త ముఖం వస్తుంటే పిల్లవాడు ఎవరిని గురువనుకోవాలి? వచ్చే ఏడు ఉంటానో లేదో తెలియని మనిషి లైబ్రరీ గురించి, ల్యాబు గురించి ఎట్లా ఆలోచిస్తాడు? రెండోది, 2016లో వచ్చిన ‘దోస్త్’ పద్ధతి. ఇంటి దగ్గర కూర్చుని రాష్ట్రంలో ఏ కాలేజీనైనా కోరుకోవచ్చు. సౌకర్యమే. కాని ఫారం నింపే వేలు సహజంగా నగరం వైపే పోతుంది. పిల్లలు తగ్గితే సెక్షను ఎత్తేస్తారు, సెక్షను ఎత్తేస్తే మిగిలిన పిల్లలూ పోతారు. ప్రైవేటు కాలేజీలనైనా నమ్ముకుందామంటే, ఫీజు రీయింబర్స్‌మెంటు బకాయిల కోసం అవి 2024లోనూ, 2025లోనూ మూసుకొని కూర్చున్న రోజులు చూశాం.

మూడోది అన్నిటికన్నా ముఖ్యమైనది. ఊరికీ, ఊరి కాలేజీకీ సంబంధమే లేదు. భూపాలపల్లిలో చదివే పిల్లవాడు బొగ్గు మీద నిలబడి చదువుతున్నాడు. 2023 అక్టోబరులో ఆ జిల్లాలోనే మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగితే దేశమంతా నేల గురించి, పునాది గురించి మాట్లాడింది. భూగర్భశాస్త్రానికి అంతకు మించిన పాఠం ఏముంటుంది? మన పిల్లల్లో ఎంతమంది దాన్ని టీవీలో గాక పాఠంలో చూశారు? మానుకోట చుట్టూ తండాలున్నాయి, లంబాడీల గోర్ బోలీ ఉంది. దానికి సొంత లిపి లేదు. ఆ భాషలో అమ్మమ్మ పాడే పాటను రాసిపెట్టే పని డిగ్రీ పిల్లలు గాక ఇంకెవరు చేస్తారు? డిగ్రీలో ప్రాజెక్టు వర్క్ అని ఒకటుంది. అది చాలాచోట్ల జిరాక్స్ సెంటరులో దొరికే సరుకైపోయిందని మనందరికీ తెలుసు, పైకి అనం.

‘‘బయటికి పోతేనే గదా పిల్లలకు లోకం తెలిసేది’’ అని కొందరు మిత్రులు వాదిస్తారు. నిజమే. నేను కాదనను. మనమంతా అట్లా బయల్దేరినవాళ్ళమే. అయితే పోగలగడం వేరు, పోక తప్పకపోవడం వేరు. మగపిల్లవాడైతే రూము తీసుకుంటాడు, ఏదో పని చేసుకుంటూ చదువుతాడు. ఆడపిల్ల విషయంలో బండి రెండుసార్లు ఆలస్యమైతే చాలు, మూడోసారి ఇంట్లో ‘‘ఇగ సదివింది సాలు బిడ్డా’’ అంటారు. 2016 తర్వాత వచ్చిన మహిళా గురుకుల డిగ్రీ కాలేజీలు కొందరికి ఆదరువైనాయి, ఆ మేరకు మెచ్చుకోవాల్సిందే. కాని సీటు దొరకని పిల్లకు ఊరి కాలేజీయే గతి. అది బాగా లేకపోతే ఆమెకు చదువే లేదు. పందెంలో ఉన్నది ఇదీ.

దారి లేదా? ఉంది, మన పక్కనే ఉంది. బొగ్గున్న కొత్తగూడెంలో 1978లో గనుల చదువుకు కాలేజీ పెట్టారు. ఊరికీ చదువుకూ పొత్తు కుదిరింది. 2025లో అదే ఎర్త్ సైన్సెస్ యూనివర్సిటీ అయింది. అమెరికాలో 1862లోనే మోరిల్ చట్టం చేసి, రాష్ట్రాలకు భూములిచ్చి, సేద్యం, యంత్రవిద్య నేర్పే కాలేజీలు పెట్టించారు. అవే పెరిగి పెద్ద విశ్వవిద్యాలయాలైనాయి. ఊరి పని నుంచి చదువు మొలిస్తే అది చిన్న చదువైపోదు.

కనుక నా మనవి ఇది. జిల్లా కేంద్రంలోని ప్రతి డిగ్రీ కాలేజీకి ఆ ఊరి మట్టికి సంబంధించిన ఒక్క ప్రధాన విషయం ఉండాలి. జనగామలో చరిత్ర, సాహిత్యం. మానుకోటలో గిరిజన భాషలు, మిర్చి, పండ్లతోటల సేద్యం. భూపాలపల్లిలో గనులు, నీళ్ళు, అడవి. ఆ విషయానికైనా పర్మనెంటు అధ్యాపకులను వేయాలి. పిల్లలు చేసిన ప్రాజెక్టులను అటక మీద పారేయకుండా ఊరి చరిత్రగా లైబ్రరీలో భద్రం చేయాలి.

ప్రభుత్వం చేసేదాకా మనం చేతులు కట్టుకొని కూర్చోవాల్సిన పని లేదు. ఆ మూడు పట్నాలూ మనకు డెబ్భై కిలోమీటర్ల లోపే ఉన్నాయి. అక్కడి తెలివైన పిల్లలను ఏటేటా మనం పిలుచుకుంటున్నాం, మార్కులు చూసి మురిసిపోతున్నాం. మరి మనం తిరిగి ఇస్తున్నదేమిటి? మన ఒక్కొక్క డిపార్ట్‌మెంటు నెలకు ఒక్క శనివారం ఒక్క ఊరి కాలేజీకి పోయి పాఠం చెప్పలేదా? మన యూనియన్ ఆ పిల్లల ప్రాజెక్టుల్లో మంచివి ఏరి ఇటువంటి సంచికలో అచ్చు వేయలేదా? ఒక పల్లె నుంచి వందేళ్ళ కిందట పత్రిక నడిపినవాళ్ళ వారసులం మనం. సాధ్యం కాదని అనే హక్కు మనకు లేదు.

ఆ సాయంత్రం బండి రాగానే ఆ అమ్మాయి నోట్సు మూసి, జనంలో తోసుకొని ఎక్కింది. ఆమె చదువు ఎట్లాగో పూర్తవుతుంది, గట్టి పిల్ల. నా దిగులంతా ఆ బండి ఎక్కలేక ఇంట్లో ఉండిపోయిన ఆమె చెల్లెళ్ళ గురించే.