అటకెక్కిన గిటారు

ఏమండీ, మీ ఇంట్లోనూ గిటారు ఉందా? మా హైటెక్ సిటీ వైపు ఫ్లాట్లలో కుక్కరు కూత తర్వాత ఎక్కువగా వినపడేది అదే. మావాడిది కరెంటు గిటారు. ఇంటర్లో మార్కులు తగ్గాయని మొన్న దాన్ని అటకెక్కించేశాను. రాత్రి డ్యూటీ చేసొచ్చి పగలు పడుకునే కింది ఫ్లాటు వాళ్ల ఫిర్యాదు కూడా ఉందనుకోండి. "కరెంటు పెట్టి వాయించేది సంగీతమేమిట్రా?" అనేశాను. వాడు అన్నం తినకుండా లేచిపోయాడు.

చారుకి పోపు పెడుతుంటే గుర్తొచ్చింది, మాండొలిన్ శ్రీనివాస్ వాయించిందీ కరెంటు వాయిద్యమే కదా!

1969లో మన పాలకొల్లులో పుట్టారాయన. తండ్రి సత్యనారాయణగారు క్లారినెట్ వాయించేవారు. ఆరేళ్ల పిల్లాడు ఇంట్లో ఉన్న మాండొలిన్ పట్టుకుంటే ఎవరూ లాక్కోలేదు. పైగా తండ్రి గురువు రుద్రరాజు సుబ్బరాజుగారే నేర్పడానికి పూనుకున్నారు. విచిత్రం చూడండి, ఆయనకి మాండొలిన్ రాదు! ఆయన పాడితే, పిల్లాడు విని తీగల మీద పలికించేవాడు.

మాండొలిన్ అంటే అప్పటికి సినిమా పాటల్లో వినే విదేశీ వాయిద్యం. మీటగానే స్వరం ఆరిపోతుంది, ఇక గమకం ఎక్కడ నిలుస్తుంది? అందుకని నాలుగు జంటల తీగల వాయిద్యం వదిలి, అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టాడు. 1981లో మద్రాసులో కచేరీ చేసేనాటికి వయసు పన్నెండు! 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవానికి వెళ్లాడు. పెద్దయ్యాక జాన్ మెక్‌లాఫ్లిన్ అనే ఇంగ్లండు గిటారిస్టుతో 'రిమెంబర్ శక్తి' బృందంలో దేశాలు తిరిగారు. 1998లో పద్మశ్రీ వచ్చింది. కాలేయ మార్పిడి చేయించుకుని, 2014 సెప్టెంబరు 19న చెన్నైలో పోయారు. నలభై అయిదేళ్లే, తలచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. ఆయన దగ్గర నేర్చుకున్న తమ్ముడు రాజేష్ కూడా మాండొలిన్ విద్వాంసుడే.

మావాడు శ్రీనివాస్ అయిపోతాడని కాదండోయ్. వాడికొచ్చింది మూడు పాటలు, అందులో ఒకటి సగమే. కానీ నేనన్న మాట తప్పు. ఆదివారం స్టూలు వేసుకుని నేనే గిటారు దింపాను. చదువయ్యాక గంటసేపని ఒప్పందం. కరెంటు గిటారుకి హెడ్‌ఫోన్ తగిలిస్తే పక్కవాళ్లకి వినపడదట, ఆ సంగతి ముందే చెప్పొచ్చుగా వెధవ! ఇప్పుడు కింది ఫ్లాటు వాళ్లు హాయిగా పడుకుంటున్నారు. నాకే, వాడేం వాయిస్తున్నాడో వినపడటం లేదు.