కాగితం లేని నాటకం కూడా కావాలి



వార్షికోత్సవం దగ్గరికి వచ్చింది. నాటకంలో ఎవరికి ఏ వేషమో చెప్పకముందే మనందరికీ తెలుసు. పుస్తకం తెలుగు గడగడ చదివేవాళ్లకు రాణి వేషం, మంత్రి వేషం. ఇంట్లో గోండి, కోయ, లంబాడి మాట్లాడి వచ్చినవాళ్లకు చెట్టు వేషం, సిపాయి వేషం. నేను మూడేండ్ల నుంచి సిపాయినే. సిపాయికి మాటలుండవు. ఇది కోపంతో రాస్తలేను. ఒక ఉపాయం చెప్దామని రాస్తున్న.

నా అభిప్రాయం ఏమిటంటే, బట్టీ పట్టే నాటకంతో పాటు కాగితం లేని నాటకం కూడా మన హాస్టల్‌లో ఉండాలి. అప్పటికప్పుడు మాట పుట్టించి ఆడే దీన్ని ఆశు నాటకం అనవచ్చని, ఇంగ్లీషులో ఇంప్రొవైజేషన్ అంటారని మా తెలుగు టీచర్ చెప్పారు.

"నోటికొచ్చింది వాగుడే కదా" అని కొందరు నవ్వుతరు. కాదు. దానికీ పద్ధతులున్నాయి.

మొదటిది వినుడు. ఎదుటి మనిషి మాట పూర్తిగా వింటేనే మన మాట పుడుతుంది.

రెండోది ఒప్పుకొని కలుపుడు. ఒకామె "అక్కా, రైలు వచ్చింది" అన్నదనుకోండి. రెండో ఆమె "రైలెక్కడిది, ఇది హాస్టల్ కదా" అంటే ఆట అక్కడనే ఆగిపోతది. దీన్ని బ్లాక్ అంటారు. "అయ్యో, మన మూట అవతలి ప్లాట్‌ఫారం మీదనే ఉండిపోయింది!" అంటే కథ నడుస్తది. మొదటి ఆమె ఇచ్చిన మాటను ఆఫర్ అంటారు. చెల్లె అన్నం గిన్నె అందిస్తే కింద పడేయం కదా, ఇదీ అంతే.

మూడోది, ఎవరు, ఎక్కడ, ఏం చేస్తున్నరు అనేది చూసేవాళ్లకు వెంటనే తెలియాలి. నాలుగోది, తడబడిన మనిషిని పక్కమనిషి ఆదుకోవాలి.

పేర్లు ఇంగ్లీషువే గాని పని మనకు కొత్త కాదు. మన చందానగర్ పక్కనే శేరిలింగంపల్లిలో సురభి కాలనీ ఉంది. సురభి వాళ్లు 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధ ఆడి నాటకాలు మొదలుపెట్టారు. అంతకుముందు వాళ్ల పెద్దలు తోలుబొమ్మలాట ఆడేవాళ్లు. తోలుబొమ్మలాటలో రాముడి కథ మారదు. కానీ కేతిగాడు, బంగారక్క వస్తే ఏ ఊర్ల ఆ ఊరి ముచ్చటే. అష్టావధానంలో అయితే అప్రస్తుత ప్రసంగం అని ఒక అంశమే ఉంది. అవధాని పద్యం ఆలోచిస్తుంటే ఒకరు సంబంధం లేని ప్రశ్న వేస్తారు. అవధాని అప్పుడే చమత్కారంగా జవాబు చెప్పాలి.

మా ఆసిఫాబాద్ వైపు దండారిలో గుస్సాడీ ఆటతో పాటు నవ్వించే చిన్న చిన్న ఆటలు కూడా ఆడతరు. మా ఇంట్లో బడికి పోయిన మొదటిదాన్ని నేనే. మా నాయనకు సంతకం రాదు. కానీ దండారిలో ఆయన నోరు విప్పితే ఊరంతా నవ్వుతది. కాబట్టి చదువు రానోళ్లకు నాటకం రాదనే మాట నిజం కాదు.

అమెరికాలోని షికాగో నగరంలో వయొలా స్పోలిన్ అనే ఆమె, వేరే దేశాల నుంచి వలస వచ్చిన కుటుంబాల పిల్లలకు ఆటలతోనే నాటకం నేర్పింది. తర్వాత 1963లో ఆ ఆటలన్నీ పుస్తకంగా వేసింది. తలా ఒక భాష ఉన్న పిల్లలు కలవాలంటే ఆటే దగ్గరి దారి. మన హాస్టల్ కూడా అట్లాంటిదే కదా.

ఇది వట్టి నాటకం సంగతి కాదు. తప్పు మాట వస్తదేమోనని మనలో ఎందరో క్లాసులో చెయ్యి ఎత్తరు. కొత్తగా వచ్చిన ఐదో తరగతి చెల్లెళ్లు జ్వరం వచ్చినా చెప్పలేక దుప్పటి కప్పుకొని పడుకుంటరు. నవ్వుతూ నాలుగు మాటలు మాట్లాడిన నోరు, అవసరం వచ్చినప్పుడు కూడా మాట్లాడుతది.

అతిథుల ముందు తప్పులు వస్తే స్కూలు పరువు పోతుందని మేడంలు అనుకోవచ్చు. అది న్యాయమే. అందుకే వార్షికోత్సవంలో రాసిన నాటకమే ఉండనీయండి. మాకు శనివారం రాత్రి అన్నం తిన్నంక అరగంట ఇవ్వండి చాలు. నలుగురు చొప్పున చిట్టీ తీస్తం. సంత, దవాఖాన, బస్టాండు, ఏది వస్తే అది ఆడుతం. ఏ భాషలో మాట్లాడినా సరే. ఒకరి రంగు మీద, తెగ మీద, ఊరి మీద వేళాకోళం చేయొద్దు. గంట కొట్టంగనే ఆపాలి. అల్లరైతే వార్డెన్ మేడం ఆ వారంతోనే బంద్ చేయవచ్చు.

ఇది నా అభిప్రాయం. దీని పక్కన ఒక తెల్లకాగితం అతికించిన. ఒప్పుకునేవాళ్లు పేరు రాయండి. ఒప్పుకోనివాళ్లు ఎందుకో రాయండి. తెలుగు తప్పులు పోతే పోనీయండి.

— తొమ్మిదో తరగతి విద్యార్థిని