సంతృప్తి కొలతలో కాంట్రాక్టు కార్మికుడెక్కడ?

మేడ్చల్‌/శామీర్‌పేట: మేడ్చల్‌ పారిశ్రామికవాడల్లోనూ, శామీర్‌పేట మండలం తుర్కపల్లి పరిసరాల్లో విస్తరించిన జీనోమ్‌ వ్యాలీలోనూ శాస్త్రవేత్తలు, శాశ్వత కార్మికులు, కాంట్రాక్టు కూలీలు ఒకే ప్రహరీ లోపల పనిచేస్తుంటారు. ఉద్యోగుల సంతృప్తిని తెలుసుకునేందుకు యాజమాన్యాలు జరిపే సర్వేల్లో మూడో వర్గానికి చోటు దక్కకపోతే ఆ ఫలితాలు సగం నిజమే అవుతాయి. 2022-23 వార్షిక పరిశ్రమల సర్వే ప్రకారం దేశంలోని కర్మాగారాల కార్మికుల్లో దాదాపు 40 శాతం మంది కాంట్రాక్టర్ల ద్వారా నియమితులైనవారే.

జీతం ఒక్కటే కాదు

ఉద్యోగ సంతృప్తి వేతనంతోనే ముడిపడి లేదని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఫ్రెడరిక్‌ హెర్జ్‌బర్గ్‌ 1959లోనే పేర్కొన్నారు. వేతనం, పర్యవేక్షణ సరిగా లేకుంటే అసంతృప్తి కలుగుతుందని, గుర్తింపు, బాధ్యత, సాధించామన్న భావనే సంతృప్తినిస్తాయని ఆయన సూత్రీకరించారు. అయితే ఆయన ప్రశ్నించింది ఇంజినీర్లను, అకౌంటెంట్లను మాత్రమే. పని స్వభావం, వేతనం, పదోన్నతి, పర్యవేక్షణ, సహోద్యోగులు అనే 5 అంశాల కొలమానం 1969లో వెలువడింది. పని ఒత్తిడి ఎక్కువగా ఉండి, దానిపై నిర్ణయాధికారం లేనివారే అధికంగా నలిగిపోతారని 1979లో రాబర్ట్‌ కారసెక్‌ వివరించారు.

పని పట్ల గౌరవం ఉన్నంత మాత్రాన సంక్షేమం దానంతటదే సమకూరదు. కొవిడ్‌ టీకా తయారీ ముమ్మరంగా సాగిన 2021 మేలో తమ ఉద్యోగులు 50 మంది ఆ వ్యాధి వల్లే విధులకు దూరమయ్యారని జీనోమ్‌ వ్యాలీలోని భారత్‌ బయోటెక్‌ సంస్థ వెల్లడించింది.

లెక్కల్లో మెలిక

‘మీకు ఏది ముఖ్యం?’ అని నేరుగా అడిగితే ఎక్కువమంది జీతమనే చెబుతారు. అందుకే మొత్తం సంతృప్తిని, ఒక్కో అంశాన్ని వేర్వేరుగా అడిగి, ఏ అంశం మారితే మొత్తం సంతృప్తి మారుతోందో చూడటం నిపుణుల పద్ధతి. ఇందులోనూ ఒక చిక్కుంది. అందరి జీతమూ ఒకేలా తక్కువగా ఉంటే, కార్మికుల మధ్య తేడాకు అది కారణంగా కనిపించదు. అంతమాత్రాన జీతం సమస్య కాదని తేల్చడం పొరపాటు.

స్థానిక పరిస్థితులనూ ప్రశ్నావళిలో చేర్చాలి. 2023 ఏప్రిల్‌లో ఎంఎంటీఎస్‌ రైళ్లు మేడ్చల్‌ వరకు వచ్చినా, తుర్కపల్లి వైపు వెళ్లేవారికి రోడ్డే ఆధారం. రాత్రి షిఫ్టు ముగిశాక ఇల్లు చేరే మార్గం, వారాంతపు సెలవు, సూపర్‌వైజర్‌ మాటతీరు వంటివి విదేశీ నమూనాలను యథాతథంగా వాడితే బయటపడవు.

అడగాల్సింది అందరినీ

ఇతర రాష్ట్రాల నుంచి వచ్చినవారికి ప్రశ్నలు వారి భాషలోనే ఉండాలి. పేరు రాయించుకోరాదు. జవాబు పత్రాలు సూపర్‌వైజర్‌ చేతికి వెళ్తే నిజం చెప్పే ధైర్యం ఎవరికీ ఉండదు. ఎవరేం చెప్పారో పసిగట్టే వీలున్న చిన్న బృందాల ఫలితాలను విడిగా ప్రకటించరాదు.

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌, కాంట్రాక్టు కార్మికులనూ కలిపి 100 మంది ఉన్నచోట క్యాంటీన్‌ ఉండాలంటోంది. భోజనం లెక్కలో చేర్చిన కార్మికుడిని అభిప్రాయం లెక్కలో విడిచిపెట్టడం న్యాయం కాదు. సర్వే జరిపిన యాజమాన్యం ఫలితాలను నోటీసు బోర్డుపై ఉంచి, ఏ లోపాన్ని ఎప్పటిలోగా సరిదిద్దుతుందో చెప్పినప్పుడే తర్వాతి సర్వేలో కార్మికులు మనసు విప్పుతారు.