ప్రింటర్ ఇంటందరిదీ

మన ఇళ్ళలో టీవీ అందరిదీ, ఫ్రిజ్ అందరిదీ, వైఫై అందరిదీ. ప్రింటర్ మాత్రం ఒక్కరిదే. కేబుల్ ఎవరి కంప్యూటర్‌కి తగిలించి ఉంటే వాళ్ళది. మిగతావాళ్ళు పీడీఎఫ్‌ని వాట్సాప్‌లో పంపి, "ఒరేయ్, ఇది కాస్త ప్రింట్ తీసి పెట్టరా" అని బతిమాలాలి. ఆ ఒక్కరు సాధారణంగా మనలాంటి కంప్యూటర్ చదివే పిల్లలే. మనం హాస్టల్‌కి వచ్చేశాక, బాగా పనిచేసే ప్రింటర్ ఇంట్లో ఉండగానే అమ్మానాన్నలు జిరాక్స్ షాపుకి వెళ్తున్నారు.

పేజీకి కొన్ని రూపాయలే కదా అంటారు. నా బాధ డబ్బు గురించి కాదు. షాపులో మనం ప్రింట్ తీయించేది ఎక్కువగా ఆధార్, పాన్, బ్యాంక్ స్టేట్‌మెంట్ లాంటివి. ఈ-ఆధార్ ఫైలుకి పాస్‌వర్డ్ ఉంటుంది, నిజమే. పేరులో మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, ఆ పక్కన పుట్టిన సంవత్సరం. అది కూడా షాపతనికి చెప్పాల్సిందే. ఆ తర్వాత ఫైలు ఆ కంప్యూటర్‌లో ఎన్నాళ్ళు పడి ఉంటుందో మన చేతిలో లేదు.

ఇంట్లో ప్రింటర్‌ని అందరికీ అందుబాటులో పెట్టడానికి రెండు దారులున్నాయి. ఒకటి, విండోస్‌లో ప్రింటర్ ప్రాపర్టీస్‌కి వెళ్ళి షేరింగ్ ఆన్ చేయడం. పని అవుతుంది, కానీ ఆ కంప్యూటర్ ఎప్పుడూ ఆన్‌లో ఉండాలి. అది స్లీప్‌లోకి వెళ్తే ప్రింట్ ఆగిపోతుంది. ల్యాప్‌టాప్ మనతో హాస్టల్‌కి వస్తే షేరింగ్ కూడా దాంతోపాటే వచ్చేస్తుంది!

రెండోది, ప్రింటర్‌నే నేరుగా ఇంటి వైఫైకి కలపడం. నా ఓటు దీనికే. ఆపిల్ 2010లో తెచ్చిన ఎయిర్‌ప్రింట్ గానీ, ఆండ్రాయిడ్‌లో వాడే మోప్రియా గానీ ఐపీపీ అనే ప్రోటోకాల్ మీదే నడుస్తాయి. అందుకే కొత్త వైఫై ప్రింటర్లలో చాలావాటికి ఫోన్ నుంచి, వేరే డ్రైవర్ లేకుండానే ప్రింట్ ఇవ్వొచ్చు. వైఫై లేని పాత ప్రింటర్ ఉంటే రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న బోర్డుకి తగిలించి, కప్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేస్తే చాలావరకు అదే నెట్‌వర్క్ ప్రింటర్ అయిపోతుంది.

ఇక్కడే మన చదువు పనికొస్తుంది. డీహెచ్‌సీపీ గురించి పరీక్షలో పేజీలు పేజీలు రాస్తాం కదా. కరెంటు పోయి వచ్చాక అదే డీహెచ్‌సీపీ ప్రింటర్‌కి వేరే ఐపీ అడ్రస్ ఇస్తే, కంప్యూటర్ పాత అడ్రస్‌లో వెతికి "ఆఫ్‌లైన్" అంటుంది. ఇంట్లోవాళ్ళు ప్రింటర్ పాడైందనుకుంటారు. రౌటర్ సెట్టింగ్స్‌లో ఆ ప్రింటర్‌కి ఒక ఐపీ రిజర్వ్ చేస్తే ఆ గొడవ ఉండదు.

అందరికీ ఇస్తే ఇంకు, పేపరు వృథా అవుతాయని మా ఫ్రెండ్స్ కొందరి వాదన. తమ్ముడు కార్టూన్ బొమ్మలు ప్రింట్ తీస్తాడేమో, నిజమే. అది ఇంట్లో ఒక మాట చెప్తే తీరే సమస్య. ఇంకో భయంలో మాత్రం అర్థముంది. వైఫై పాస్‌వర్డ్ ఇచ్చిన ప్రతివాళ్ళకీ ప్రింటర్ కూడా ఇచ్చినట్టే. కాబట్టి వచ్చేపోయేవాళ్ళకి గెస్ట్ నెట్‌వర్క్ ఇవ్వండి, ప్రింటర్‌ని బయటి ఇంటర్నెట్‌కి తెరవకండి.

ప్రింటర్ పంచుకోవడం అంత పెద్ద విషయమా అనేవాళ్ళకి ఒక పాత సంగతి. 1980 ప్రాంతంలో అమెరికాలోని ఎంఐటీ ఏఐ ల్యాబ్‌లో అందరూ కలిసి ఒక లేజర్ ప్రింటర్ వాడేవారు. అంతకుముందున్న ప్రింటర్‌లో పేపర్ ఇరుక్కుంటే ప్రింట్ కోసం ఎదురుచూస్తున్నవాళ్ళకి మెసేజ్ వెళ్ళేలా రిచర్డ్ స్టాల్‌మన్ ప్రోగ్రామ్ మార్చుకున్నారు. కొత్తదాని సోర్స్ కోడ్ మాత్రం ఎవరూ ఇవ్వలేదు. 1983లో ఆయన ప్రకటించిన గ్నూ ప్రాజెక్టు వెనక ఆ కోపం కూడా ఉంది. మనం ల్యాబ్‌లో రోజూ వాడే జీసీసీ అందులోంచి వచ్చిందే.

సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు ఒక గంట దీనికి కేటాయించండి. ప్రింటర్‌ని వైఫైకి కలపండి, ఐపీ రిజర్వ్ చేయండి. చివరగా, మీరు ఫోన్ ముట్టుకోకుండా అమ్మ చేత ఒక పేజీ ప్రింట్ తీయించండి. ఆ పేజీ బయటికి వచ్చాకే పని పూర్తయినట్టు.