మూలకాలతో పేర్లు రాసే ఆట – ఆపాలా, ఆడాలా?



వారం రోజులుగా మన హాస్టల్లో ఒకటే ఆట. మూలకాల గుర్తులు పక్కపక్కన పేర్చి ఇంగ్లీషులో పేర్లు రాయడం. స్టడీ అవర్లో ఇదేం గోల అని పెద్దలు కోప్పడ్డారు. ఆట ఆపొద్దు, ఆడే పద్ధతి మార్చుకోవాలి అని నా అభిప్రాయం.

ఎనిమిదో తరగతిలో ఈ గుర్తులంటేనే నాకు భయం. పొటాషియానికి 'కె' ఏంది? ఈ పద్ధతి పెట్టింది సుమారు రెండు వందల ఏళ్ల కిందట స్వీడన్ శాస్త్రవేత్త బెర్జీలియస్. లాటిన్‌లో దాని పేరు కేలియం, అందుకే 'కె'. ఎన్నిసార్లు చదివినా నిలవలేదు. మొన్న 'కోట' అని రాశాక నిలిచింది. కె పొటాషియం, ఓ ఆక్సిజన్, టీఏ టాంటాలం. గూడూరు దగ్గరి కోట బస్సు చూసినప్పుడల్లా గుర్తొస్తాది గదా!

తర్వాత శ్రీహరికోట రాశాం. ఎస్ఆర్ స్ట్రాన్షియం, ఐ అయోడిన్, హెచ్ హైడ్రోజన్, ఏఆర్ ఆర్గాన్, మళ్లీ ఐ, ఆపైన మన కోట! పదకొండు అక్షరాలకు ఎనిమిది గుర్తులు సరిపోయాయి. ఇందులోని హైడ్రోజన్‌ను, ఆక్సిజన్‌ను ద్రవాలుగా మార్చి అక్కడి జీఎస్ఎల్వీ రాకెట్ పైదశలో మండిస్తారు. 1971లో అక్కడ మొదటి రాకెట్ ఎగరక ముందు నుంచే ఆ దీవిలో మన యానాదులు ఉండేవాళ్లు.

పులికాట్ కూడా వచ్చింది. పీయూ ప్లూటోనియం, ఎల్ఐ లిథియం, సి కార్బన్, ఏటీ ఆస్టటీన్. సరస్సులో ప్లూటోనియం ఉందని భయపడకండి, అవి అక్షరాలే!

అసలు సంగతి ఇది. ఏడో తరగతి తమ్ముడొకడి పేరు 'జె'తో మొదలవుతుంది. "నీ పేరు సైన్సులోనే లేదురా" అని ఏడిపించారు. వాడు ఆ రాత్రి అన్నం తినలేదు. అబ్బయా, 118 మూలకాల గుర్తుల్లో 'జె' ఎక్కడా లేదు, 'క్యూ' కూడా లేదు. అది వాడి తప్పా? నెల్లూరు రాయబోతే 'ఎన్ఈ' నియాన్ దగ్గరే ఆగిపోతాం, ఒట్టి 'ఎల్' అనే గుర్తు లేదు. యానాది అని రాసినా 'వై' దగ్గరే ఆగిపోతాం.

ఆ 'వై' ఇట్రియం. స్వీడన్‌లో ఇటర్బీ అనే చిన్న పల్లె గనిలో దొరికిన రాయి వల్ల ఆ పేరొచ్చింది. టెర్బియం, ఎర్బియం, ఇటర్బియం కూడా ఆ పల్లె పేర్లే. మన గూడూరు వైపు అభ్రకం గనుల్లాంటి చోటే అది. చిన్న ఊరని తీసేయకూడదు.

కాబట్టి నా మాట: మనుషుల పేర్లు వద్దు, ఊర్ల పేర్లు రాద్దాం. రాసినవాడు ప్రతి మూలకం పేరు, ఒక ఉపయోగం చెప్పాలి. వార్డెన్ గారు రాత్రి భోజనం తర్వాత పది నిమిషాలు ఇప్పించాలని కోరుతున్నాను. పేరు కుదిరినా కుదరకపోయినా మనందరి ఒంట్లో ఉండేది అదే ఆక్సిజన్, అదే కార్బన్, అదే కాల్షియం.

ఇట్లు,
పదో తరగతి విద్యార్థి